పున్నారావు కనురెప్పలు

సువార్తకు కనురెప్పలు దొరకలేదు.

మిగతావన్నీ ఉన్నాయి. మనిషి ముఖం ఉంది, ముఖంలో కళ్లున్నాయి, కళ్లలో స్టూడియో లైటు పడిన తెల్లచుక్క కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే, ఆ కళ్లు మూసుకుంటే ఎలా ఉంటాయన్నది. అది తెలియకుండా ఫోటో చేత రెప్ప వేయించడం కుదరదు. రెండు రోజులుగా కంప్యూటరు ముందు కూర్చుని ఆమె వెతుకుతున్నది వాటినే.

ఆ స్టూడియో చీరాలలో ఉంది. యజమాని మీరావలి మాస్టారు. గురువంటే కమండలం, పులిచర్మం ఉండాలనుకునేవాళ్లకు ఈయన ఆనడు. గడ్డమైతే ఉంది గానీ చొక్కా జేబులో లెన్సు తుడిచే గుడ్డ, చెవి మీద పెన్సిలు, మోకాళ్లకు పట్టీలు. శిష్యులంటూ పెద్దగా ఎవరూ నిలవలేదు. నిలిచింది సువార్త ఒక్కతే. ఈపూరుపాలెం నుంచి రోజూ ఆటోలో వచ్చేది. డీటీపీ నేర్చుకుని ఆరేళ్ల కిందట పనిలో చేరింది. ఆయనకు కంప్యూటరు నేర్పింది. ఆయన ఆమెకు ముఖాలు చూడటం నేర్పాడు. ఎవరికి ఎక్కువ ముట్టిందో ఆ కాలంలో ఇద్దరికీ తెలియదు.

మీరావలి మాస్టారిది ఒకప్పుడు చిత్రమైన పని. ఆ రోజుల్లో చాలామందికి బతికుండగా ఫోటో తీయించుకునే యోగం ఉండేది కాదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చేది. శవాన్ని ఎత్తేలోపు ఈయనకు కబురు వచ్చేది. ఈయన సైకిలు మీద కెమెరా పెట్టె కట్టుకుని వెళ్లేవాడు. స్నానం చేయించి, కొత్తబట్ట కట్టి, గోడకు ఆనించి కూర్చోబెట్టిన మనిషిని ఫోటో తీసేవాడు. తర్వాత స్టూడియోలో కూర్చుని ఆ ఫోటో మీద సన్న కుంచెతో కళ్లు తెరిచేవాడు. తెరిచే ముందు ఇంట్లోవాళ్లను ఒక్క మాట అడిగేవాడు. మనిషి తిన్నగా చూసేవాడా, కాస్త పక్కకు చూసేవాడా అని. పెద్దకర్మ నాటికి పటం గోడకెక్కేది. పటంలో మనిషి తన అలవాటు ప్రకారం చూస్తూ ఉండేవాడు.

పటం ఇచ్చేటప్పుడే కళ్లు మూసుకున్న ఆ నెగటివును ఇంటివాళ్ల ఎదుట అగ్గిపుల్ల గీసి కాల్చేసేవాడు. అది ఆయన గురువు నేర్పిన పద్ధతి. కంప్యూటర్లు వచ్చాక కాల్చడానికి ఏమీ మిగల్లేదు గానీ పద్ధతి మాత్రం మారలేదు. పని కాగానే మూసిన కళ్ల ఫోటో తీసేయమనేవాడు. ఎందుకని సువార్త ఒకసారి అడిగింది. పని అయిపోయింది కాబట్టి, అన్నాడాయన. ఆమెకు అది జవాబులా అనిపించలేదు. ముసలివాళ్ల భయాల్లో ఇదొకటి అనుకుంది.

సువార్తకు ఊళ్లో పేరు రావడానికి కారణం కదిలే బొమ్మలు. మంచు రాలే గులాబీలు, వత్తి ఊగే పుట్టినరోజు కొవ్వొత్తులు, రెక్కలాడించే పావురంతో ఆదివారం వాక్యాలు, అదే పనిగా దణ్ణాలు పెడుతూ ఉండే నాయకులు. పొద్దున్న లేచి ఫోను తెరిస్తే చీరాలలో సగం మందికి సువార్త చేతి గులాబీయే కనిపించేది. అందులో పెద్ద మాయ ఏమీ లేదు. నాలుగు బొమ్మల్ని ఫోటోషాప్‌లో వరసగా పేర్చాలి. ఒక్కో బొమ్మ ఎంతసేపు కనబడాలో దాని కింద సెకన్ల లెక్కన అంకె వేయాలి. చివరికొచ్చాక మళ్లీ మొదటికి పొమ్మని చెప్పాలి. ఇన్నిసార్లు చాలు అని చెప్పకపోతే అది ఎప్పటికీ అలా తిరుగుతూనే ఉంటుంది.

ఆ పేరు విని వచ్చింది శేషరత్నం.

ఆమె వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాలో పని చేస్తుంది. గింజల జిడ్డుకు వేళ్లన్నీ నల్లగా ఉంటాయి. భర్త పున్నారావు మగ్గం నేసేవాడు. మూడు నెలల కిందట, తెల్లవారకముందే, గుండె ఆగి పోయాడు. నేతగాళ్ల కార్డు కోసం రెండేళ్ల కిందట ఇదే స్టూడియోలో తీయించుకున్న ఫోటో తప్ప ఆయనవి వేరే ఫోటోలు లేవు. గోడకున్న పటం కూడా అందులోంచి చేసిందే.

వాళ్ల మేనల్లుడు ఫోన్లో ఏదో నొక్కి ఆ ఫోటోను కదిలించి చూపించాడట. పటంలోని మనిషి తల తిప్పి నవ్వాడట. శేషరత్నం హడలిపోయింది. పున్నారావుకు ముందుపన్ను సగం విరిగి ఉండేది. ఫోన్లో నవ్వినవాడికి పళ్లు ముత్యాల్లా వరసగా ఉన్నాయి. ఎవడో పరాయివాడు తన మొగుడి ముఖం తగిలించుకుని నవ్వినట్టుంది అని చెబుతూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వక్కర్లేదు, తల తిప్పక్కర్లేదు అంది. మగ్గం మీద కూర్చుని మధ్యలో తలెత్తి చూసేవాడు, మాటా పలుకూ ఉండేది కాదు. ఊరికే చూస్తూ ఒక్కసారి రెప్ప వేస్తే చాలు.

"ఆయనది కానిది మాత్రం ఏదీ పెట్టొద్దమ్మాయ్," అంది.

పెట్టనని సువార్త మాటిచ్చింది.

ఆమె వెళ్లాక మాస్టారు ఈ పని కాదనకూడదా అని అడిగాడు. సువార్తకు నవ్వొచ్చింది. జీవితమంతా పోయినవాళ్ల కళ్లు తెరిచిన మనిషి ఇప్పుడు ఒక్క రెప్పపాటుకు భయపడుతున్నాడు.

"మాస్టారూ, మీరు ఒక్కసారే తెరిపించేవాళ్లు. నేను ఎన్నిసార్లంటే అన్నిసార్లు తెరిపిస్తాను," అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ మాట ఆయనకు తగిలిందని సువార్తకు అర్థమైంది. తగలాలనే అంది.

రెప్పలు గీయడం మొదలుపెట్టింది. ఎంత జాగ్రత్తగా గీసినా పున్నారావు కొండపల్లి బొమ్మలా తయారయ్యాడు. తన కళ్లే మూసుకుని ఫోనుతో ఫోటో తీసుకుని అతికించి చూసింది. పున్నారావుకు ఆడపిల్ల కళ్లు వచ్చాయి, ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికినవన్నీ చలువరాతి చర్మాలు. ఎండలో తిరిగి, దూది దుమ్ములో బతికిన రెప్పలు ఎవరూ పెట్టలేదు. పైగా పరాయివేవీ పెట్టనని మాటిచ్చింది.

మూడో రోజు పొద్దున్న ఆటోలో వస్తుంటే గుర్తొచ్చింది. పున్నారావు సొంత కనురెప్పలు తన దగ్గరే ఉన్నాయి.

పున్నారావు పోయిన రోజు ఆ ఇంటికి ఆఖరి ఫోటోకు వెళ్లింది తనే. మాస్టారు మోకాళ్లతో ఆ సందులోకి నడవలేనన్నాడు. ఇంటివాళ్లందరూ శవం చుట్టూ కూర్చున్న ఫోటో ఒకటి తీసింది. పటానికి పనికొస్తుందేమోనని ముఖం ఒక్కటే దగ్గరగా మరొకటి తీసింది. తర్వాత నేతకార్డు ఫోటో దొరకడంతో రెండోదాని అవసరం పడలేదు. తీసేయమన్నాడు మాస్టారు. తీసేశానంది సువార్త.

తీసెయ్యలేదు. ఏ ఫైలూ పారెయ్యకూడదని డీటీపీ క్లాసులో మొదటిరోజే నేర్పారు. ఆమెకు ఆ మాట బైబిలు తర్వాత బైబిలు. ఆరేళ్లలో మాస్టారు తీసేయమన్న ముఖాలన్నీ 'పాతవి' అనే ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. ఎన్నున్నాయో ఆమె ఎప్పుడూ చూసుకోలేదు.

తెరిచింది. గడ్డం కిందుగా తలకు కట్టిన గుడ్డ, ముక్కులో దూది. వాటి జోలికి పోలేదు. కనుబొమ్మల నుంచి చెంప ఎముక దాకా కత్తిరించుకుని బతికున్న ముఖం మీద పెట్టింది. అచ్చంగా సరిపోయాయి. సరిపోక ఏం చేస్తాయి, అతనివే కదా. రంగు మాత్రం పాలిపోయి ఉంది. కాస్త ఎరుపు పెంచి, కాస్త పసుపు కలిపి, బతికిన మనిషి రంగు తెప్పించింది.

ఎడమ రెప్ప పూర్తిగా మూతపడలేదు. కింద సన్నని తెల్లగీత మిగిలింది. దాన్ని పూడ్చేద్దామనుకుని కుంచె కూడా తీసింది. మళ్లీ ఆలోచిస్తే ఉంచడమే మేలనిపించింది. రెప్పపాటులో ఎవరి కళ్లూ గట్టిగా మూసుకోవు. ఆ గీత ఉంటేనే సహజంగా ఉంటుంది. చేసిన పని మొత్తంలో ఆమెకు బాగా నచ్చింది ఆ గీతను పూడ్చకుండా వదిలెయ్యడమే.

నాలుగు బొమ్మలు అయ్యాయి. తెరిచిన కళ్లు, సగం మూసినవి, పూర్తిగా మూసినవి, మళ్లీ సగం తెరిచినవి. తెరిచిన కళ్ల కింద మూడు సెకన్లు వేసింది. మూసినవాటి కింద సెకనులో పదో వంతు. ఎప్పటికీ తిరుగుతూ ఉండమంది. పున్నారావు ఆమెను చూశాడు. రెప్ప వేశాడు. మళ్లీ చూశాడు. తన చేతిపనికి సువార్తకే ఒళ్లు పులకరించింది.

ఆ రోజు శుక్రవారం. మాస్టారు జుమ్మా నమాజుకు వెళ్లాడు. శేషరత్నం కార్ఖానాలో చెప్పి, భోజనాల వేళకు గబగబా బస్సెక్కి వచ్చింది. సువార్త ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తెర ఆమె వైపు తిప్పింది.

శేషరత్నం తెర దగ్గరకు ముఖం పెట్టింది. నల్లని వేలితో అద్దం మీద అతని చెంప తడిమింది.

"నన్నే చూస్తున్నాడమ్మాయ్," అంది.

ఏడ్చింది, నవ్వింది, ఫోన్లోకి ఎక్కించుకుని మళ్లీ చూసుకుంది. వెళ్తూ వెళ్తూ కొంగుముడిలోంచి జీడిపప్పు బద్దల పొట్లం తీసి సువార్త చేతిలో పెట్టింది. చల్లగా ఉండమని దీవించింది. ఇంత మంచిపని తన చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదని సువార్తకు అనిపించింది. ఆ సంతోషం అబద్ధం కాదు. ఆ మాట ఇక్కడే చెప్పుకోవాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

మాస్టారు వచ్చేసరికి పున్నారావు ఇంకా తెర మీద రెప్పలు వేస్తూనే ఉన్నాడు. ఆయన టోపీ తీసి మడత పెట్టుకుంటూ చూశాడు. దగ్గరకు వచ్చి వంగి చూశాడు.

"ఈ రెప్పలు ఎక్కడివి?"

"ఆయనవే."

"తీసేశానన్నావు."

సువార్త తప్పించుకోలేదు. తీసెయ్యలేదంది, తీసేసి ఉంటే ఈ పని అయ్యేది కాదంది. శేషరత్నం ఎంత సంతోషపడిందో చెప్పింది. దీవించిందని కూడా చెప్పింది. ఆయన అదంతా విని ఒక్కటే అడిగాడు.

"ఇచ్చేశావా?"

ఇచ్చేశానంది. ఆయన గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుని మోకాళ్లు రాసుకున్నాడు. జీడిపప్పు ముందుకు జరిపితే తీసుకోలేదు. ఆకలి లేదన్నాడు. సాయంత్రం దాకా ఆ బొమ్మ గురించి మళ్లీ మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు.

ఇది అసూయ కాక ఇంకేమిటి అనుకుంది సువార్త. ఆరేళ్లు మాస్టారూ మాస్టారూ అంటూ వెనకే తిరిగింది, ఒక్కసారి ఆయన్ను మించి చేసేసరికి పెద్దాయన ముఖం ముడుచుకున్నాడు. ఆమెకు నిజంగానే బాధేసింది. ఆ బాధలోనే కాస్త పౌరుషం వచ్చి, పున్నారావు బొమ్మను తన ఫోన్లో స్టేటస్ పెట్టుకుంది. రెండు రోజుల్లో ముగ్గురు వచ్చారు. ఒకాయన తల్లిని, ఒకామె అన్నను, ఇంకొకామె చేజారిపోయిన ఆరేళ్ల బిడ్డను అలాగే చేసిపెట్టమన్నారు. సువార్త వాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకుంది. 'పాతవి' ఫోల్డర్‌లో వెతికితే ఆ అన్న, ఆ బిడ్డ ఇద్దరూ దొరికారు. మాస్టారికి చెప్పకుండా పక్కన పెట్టుకుంది.

పదకొండో రోజు శేషరత్నం మళ్లీ వచ్చింది.

భోజనాల వేళ కాదు, పొద్దున్న పదకొండు గంటలు. ఆ రోజు పనికి వెళ్లలేదట. చంకలో తువ్వాలు చుట్టిన పటం ఉంది. కూర్చోమంటే కూర్చుని పటం ఒళ్లో పెట్టుకుంది. మాస్టారు లోపలి గదిలో ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు. ఫ్లాష్ వెలిగి ఆరింది.

"ఆ రెప్పలు నువ్వు గీశావా అమ్మాయ్?" అని అడిగింది శేషరత్నం.

"లేదక్కా. ఆయనవే. పరాయివేవీ పెట్టొద్దన్నారు కదా," అంది సువార్త. అప్పటికి కూడా ఆమె గొంతులో గర్వమే ఉంది.

"అదే అనుకున్నాను."

తర్వాత శేషరత్నం నింపాదిగా చెప్పుకొచ్చింది. మొదటి మూడు రోజులు తనకు కాళ్లు నేల మీద ఆనలేదట. అన్నం తింటూ కంచం పక్కన పెట్టుకుందట. కార్ఖానాలో గింజలు కొడుతూ ఒళ్లో పెట్టుకుని మేస్త్రీ చేత చీవాట్లు తిందట. చూసిన కొద్దీ చూడాలనిపించేదట. అలా చూడగా చూడగా నాలుగో రోజు ఆ తెల్లగీత కనిపించింది.

"ఎడం కన్ను ఆ రోజు సరిగ్గా మూతపడలేదు. నా బొటనవేలితో రెండుసార్లు నొక్కాను. మూడోసారి నొక్కబోతే మా అత్త చెయ్యి పట్టుకుంది, ఇక చాల్లే అని. ఆ సందు నాకు తెలుసమ్మాయ్. అది రెప్పపాటు కాదు."

తెర మీద ఆ క్షణాన ఎవరిదో పుట్టినరోజు కొవ్వొత్తి ఊగుతోంది.

"కళ్లు తెరిచినప్పుడల్లా సంబరపడేదాన్ని. ఇప్పుడు తెరిచి ఉన్నంతసేపూ మూస్తాడు మూస్తాడు అని చూస్తూ కూర్చుంటున్నాను. నేనే మూస్తున్నట్టుంది."

ఫోన్లోంచి తీసేశానంది. మేనల్లుడి చేత తీయించి, లేదు కదా లేదు కదా అని రెండుసార్లు చూపించుకుందట. అయినా పోలేదు. గోడ మీది పటం కూడా కళ్లు మూయడం మొదలుపెట్టింది. మూయదని తనకు తెలుసు, కాగితం ఎక్కడ మూస్తుంది. అయినా ఎదురుగా నిలబడితే మూస్తోంది. పటం వైపు వీపు పెట్టుకుని అన్నం తింటోందట. నిన్న పొద్దున్న దీపం పెట్టబోయి చెయ్యి రాక వెనక్కి వచ్చేసిందట.

సువార్త గబగబా ఏవేవో అంది. రెప్పలు మార్చేస్తానంది. గీత పూడ్చేస్తానంది. పటం కొత్తగా చేసిస్తాను, రంగు మార్చి, పెద్దది చేసి ఇస్తానంది. తన మాటలు తనకే చెవుల్లో గోల చేస్తున్నట్టున్నాయి. శేషరత్నం అన్నింటికీ తల అడ్డంగా ఊపింది.

"మీ దగ్గరే ఉండనీ. ఇంట్లో పెట్టుకోలేను. పారెయ్యలేను."

తువ్వాలు విప్పకుండానే పటాన్ని కౌంటరు మీద పెట్టింది. చేతులు మాత్రం దాని మీదనుంచి తియ్యలేదు.

"మంచికే చేశావు. నేనే కదా అడిగాను. నిన్ను తిడదామని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. నోరు రావటం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు."

పాస్‌పోర్టు ఫోటో తీయించుకున్న కుర్రాడు బయటకు వెళ్లిపోయాడు. మాస్టారు లోపలి గది తెర పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. కుంటుకుంటూ వచ్చి శేషరత్నం ఎదురుగా ఆగాడు.

"తప్పు నాది తల్లీ. ఆ శుక్రవారమే మీ ఇంటికొచ్చి చెప్పాల్సింది. నువ్వు కనిపెట్టవులే అని ఆశపడ్డాను," అన్నాడు.

సువార్త ఆయన ముఖంలోకి చూడలేకపోయింది. పది రోజులుగా దాన్ని అసూయ అనుకుంది. ఆ మనిషి పది రోజులుగా భయంతో అన్నం సరిగ్గా తినలేదు.

"కుంచెతో మీరు మళ్లీ తెరవలేరా సాయిబుగారూ?" అని అడిగింది శేషరత్నం. అడుగుతూనే ఆ మాటకు అర్థం లేదని ఆమెకే తెలిసిపోయింది. పటంలో కళ్లు తెరిచే ఉన్నాయి. మూసుకుంటున్నది పటంలో కాదు. మాస్టారు చేతకాదమ్మా అన్నాడు. ఆమె తల ఊపింది.

ఆమె లేచి వెళ్లబోతుంటే మాస్టారు అడిగాడు, ఆ రోజు పున్నారావు దగ్గర ఎంతసేపు కూర్చున్నావమ్మా అని.

"తెల్లారుజామున ఐదింటికి పోయాడు. మధ్యాహ్నం రెండింటికి ఎత్తారు. నేను లేవలేదు," అంది.

చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. చేతులు మాత్రం ఇంకా పటం మోస్తున్నట్టు ముందుకు పెట్టుకునే నడిచింది. మాస్టారు ఆ పటాన్ని తువ్వాలుతోనే తీసుకెళ్లి, లోపల బీరువాలో ఎవరూ తీసుకెళ్లని ఫోటోల మధ్య పెట్టాడు. అక్కడ పెళ్లి ఆగిపోయినవాళ్ల ఆల్బములున్నాయి, ఊరు విడిచిపోయినవాళ్ల ఫోటోలున్నాయి. పున్నారావు పటం అక్కడే ఉండిపోయింది. శేషరత్నం దానికోసం మళ్లీ రాలేదు.

తిరిగొచ్చి ఆయన సువార్త పక్కన స్టూలు వేసుకున్నాడు. తిడతాడని ఆమె ఎదురుచూసింది. తిట్టినా బాగుండు అనుకుంది. ఆయన తిట్టలేదు. పున్నారావు ఫైలు తెరవమన్నాడు, అంతే.

తెరిచింది. నాలుగు బొమ్మలూ కింద వరసగా వచ్చాయి.

"మూసిన బొమ్మ కింద ఎంత వేశావు?"

"సున్నా పాయింట్ ఒకటి, మాస్టారూ."

"తీసెయ్. ఐదింటి నుంచి రెండింటి దాకా ఎంతో అది వెయ్యి."

తొమ్మిది గంటలు. సెకన్లు చేయడానికి ఆమె సెల్‌ఫోనులో గుణించింది. ముప్పై రెండు వేల నాలుగు వందలు. ఆ అంకె కొట్టింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. అంత కుదరదని ఒక డబ్బా పైకొచ్చింది. దానంతటదే తనకు చేతనైన అంకె వేసుకుంది.

"ఏమంటోంది?"

"రెండువందల నలభై సెకన్ల కంటే పట్టదంటోంది. నాలుగు నిమిషాలు."

"సరే. దాని ఓపిక అంతే. అలాగే ఉండనీ."

మిగతా అంకెలు మార్చొద్దన్నాడు. తెరిచిన కళ్లు మూడు సెకన్లే. బొమ్మను భద్రం చేయించి, తెర నిండుగా పెట్టించాడు. పున్నారావు చూశాడు. రెప్ప పడింది. ఈసారి లేవలేదు.

మాస్టారు స్టూలు మీదనుంచి లేచి, మోకాలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"కూర్చో. ఆయన కళ్లు తెరిచాక లేద్దువుగాని," అన్నాడు.

వీధి తలుపు దగ్గరగా వేసి, బయట అరుగు మీద కూర్చున్నాడు.

సువార్త కూర్చుంది. మొదటి నిమిషం ఆమె చేతిపని చూసింది. కుడి చెంప దగ్గర అతుకు కనబడుతోంది. ఎరుపు కాస్త ఎక్కువైంది. సెకనులో పదో వంతుకు ఇవేవీ ఎవరికీ కనబడవని వదిలేసినవే. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి. కనబడిన ప్రతిదాన్నీ ఎలా సరిదిద్దాలో మనసు తనంతట తనే చెప్పుకుపోయింది. అందుకు సిగ్గేసింది.

తర్వాత అతుకులు కనబడటం మానేశాయి. తను కత్తిరించి పారేసిన దూది కనబడింది. గడ్డం కింద గుడ్డ కనబడింది. ఆ రోజు ఫోటో తీస్తున్నప్పుడు పక్కన ఒక ఆడమనిషి చాప మీద కూర్చుని ఉంది. కాస్త పక్కకు జరుగుతారా, వెలుతురు అడ్డం వస్తోంది అని తను ఆమెతో అంది. ఆమె జరిగింది. ఆమె ముఖం ఎలా ఉందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

తెల్లగీత ఒక్కటే మిగిలింది. దానివైపే చూస్తోంది. అది కాస్త వెడల్పవుతుందేమోనని చూస్తోంది. బయట ఎవరో వచ్చారు. స్టేటస్ చూసి వచ్చారట, పిల్ల ఫోటో గురించి అడుగుతున్నారు. ఇవాళ కుదరదమ్మా అని మాస్టారు చెబుతున్న మాట వినబడింది. సువార్త తల తిప్పలేదు. తిప్పితే ఆ లోపు తెరుచుకుంటాయేమోనని భయం. ఊపిరి మెల్లగా పీల్చుకుంటోంది.

ఎంతసేపయిందో తెలియలేదు. రెప్పలు సగం లేచాయి. తర్వాత పూర్తిగా లేచాయి.

పున్నారావు ఆమెను చూశాడు.

అమ్మయ్య, అంది సువార్త పైకే. కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

మూడు సెకన్లు. రెప్పలు మళ్లీ పడ్డాయి.

సగం లేచినదల్లా అలాగే ఆగింది. వీధి తలుపు వైపు చూసింది. తెర వైపు చూసింది. అతన్ని అలా వదిలేసి లేవడానికి కాళ్లు రాలేదు.

సువార్త మళ్లీ కూర్చుంది.